గజానికో పౌరుడు

హైదరాబాద్ రాయదుర్గంలో 7.67 ఎకరాల సర్కారు భూమికి ఎకరం 101 కోట్ల దగ్గర మొదలైన పాట 177 కోట్ల దగ్గర ఆగింది కాబట్టి, ఆ చుట్టుపక్కల జనమంతా బాగుపడిపోయారని 2025 అక్టోబరులో ఒకటే ఊదర. 2023 ఆగస్టులో కోకాపేట రికార్డు 100.75 కోట్లు. రెండేళ్లలో ఇంత ఎదుగుదల మానవమాత్రుడికి సాధ్యమయ్యేది కాదు. ఎదిగింది మనిషి కాదు, గజం. ఎకరానికి 4,840 గజాలు కదా, భాగించి చూడండి: గజం దాదాపు 3 లక్షల 65 వేలు. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3 లక్షల 79 వేల పైచిలుకు. అంటే గజమూ మనిషీ ఇంచుమించు సమానం. ధర వేరు, ఆదాయం వేరు అని అర్థశాస్త్రం మాస్టార్లు గొణుగుతారు. వేలంపాట విని పేట బాగుపడిందని తేల్చేసినవాళ్లకే పట్టని తేడా మనకెందుకు?

కనుక గజాన్ని పౌరుడిగా గుర్తిస్తే గొడవ వదులుతుంది. జనాభా లెక్కలు 2011 తర్వాత మళ్లీ జరగలేదు, 2027 దాకా ఆగాలి. ఈలోగా రాయదుర్గంలో 37 వేల మంది కొత్త పౌరులు తేలారు, ఎన్యూమరేటరు ఒక్క తలుపు తట్టకుండానే. పైగా గజం ఎంత బుద్ధిమంతుడో చూడండి. మంచినీళ్ల ట్యాంకరు ఆలస్యమైందని ఫోను చేయడు. పిల్లలకు సర్కారు బడి అడగడు. పోలింగు రోజు సెలవొచ్చింది కదా అని గోవా చెక్కేయడు. రేషన్ కార్డంటారా, పట్నంలో ఏడాదికి 2 లక్షల ఆదాయం దాటితే అర్హత లేదు కాబట్టి గజంగారికి రాదు. సర్కారుకు ఆ బియ్యమూ మిగులే.

చిక్కల్లా పాతరకం పౌరులతోనే. నెలకు 15 వేలు తెచ్చుకునే సెక్యూరిటీ గార్డునే తీసుకోండి. గేటు పక్కన ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాస్త కాళ్లు చాపితే గజం నేల పడుతుంది. ఆ గజం ఖరీదు ఆయన రెండేళ్ల జీతం. తనకన్నా కలవాడి నెత్తిన పన్నెండు గంటలు కూర్చుంటున్నాడన్నమాట, డ్యూటీ దిగాక ఆ దరిదాపుల్లో గది అద్దెకు దొరక్కపోవడం న్యాయమే. ఐటీ వచ్చాకే కదా ఆ కుర్చీ అయినా వచ్చింది అంటారు. నిజమే, కాదనలేం. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి ఆ పడమటి దిక్కున లక్షల మందికి బువ్వ దొరికింది. కానీ ఉద్యోగమిచ్చిన చోట తలదాచుకునే చోటు లేకుండా చేసింది ఇలాంటి ధరలే. సర్కారే ఇంత పలికిస్తే పక్కవీధి ఇంటి యజమాని పాత అద్దెకు ఊరుకుంటాడా? అప్పుడు మనుషుల్ని చిన్న ముక్క స్థలాల్లో నిలువుగా పేర్చాల్సిందే. 2024 నవంబరులో ఆ దిక్కునే ఉన్న సిద్ధిఖ్‌నగర్‌లో పక్కన పునాదికి గొయ్యి తీస్తే అలాంటి భవనమొకటి ఒరిగిపోయింది, అందులో ఉన్నవాళ్లు రాత్రివేళ బయటికి పరుగులు తీశారు. గజాలకు మాత్రం ఏమీ కాలేదు.

ఆ డబ్బు పేదలకే ఖర్చుపెడతారు కదా అన్నది అసలైన వాదన. ఒప్పుకుని చూద్దాం. ఈ పాటలో పలికింది సుమారు 1,357 కోట్లు. కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లకు అయింది సుమారు 1,500 కోట్లు. అంటే డబ్బుకు కొదవ లేదు. మరి ఆ ఇళ్లు సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగు రోడ్డు దగ్గర ఎందుకున్నాయి? మాదాపూర్‌లో అంట్లు తోమే మనిషి, పొద్దున్నే గేటు దగ్గర సంతకం పెట్టి, పోయేటప్పుడు సంచీ విప్పి చూపించే మనిషి, మాదాపూర్‌లో ఎందుకు ఉండకూడదు? పక్కనే వేలమేసిన నేల ఏ జమీందారుదో కాదు, ఆమెది కూడా. అమ్మింది సర్కారు, షరతులు రాసేదీ సర్కారే. ఇలాంటి 37 వేల గజాల్లో రెండు వేలు పక్కన పెట్టి, అక్కడ పనిచేసేవాళ్లకు తక్కువ అద్దె ఇళ్లు కట్టి తీరాలని వచ్చే వేలంలో ఒక్క షరతు రాసి చూడండి. పాట 177 దాకా పోక 160 దగ్గరే ఆగిపోతుందేమో. ఆగితే ఏం కొంప మునిగింది? పేపర్లో రికార్డు అన్న మాట రాదు, అంతేగా!