డబ్బాది తూకము, కప్పుది కొలత

అమెరికా దేశపు వంటల పుస్తకమును చేతబట్టి, డబ్బాలో నిలువచేసిన పండ్లతో మధురపదార్థ మేదైనను చేయబూనిన గృహిణికి మొట్టమొదట కావలసినది పొయ్యియు కాదు, పంచదారయు కాదు, భిన్నాంకములలో సాధన. డబ్బాపై తూకము ఔన్సులలో నుండును. పుస్తకములో కొలత కప్పులలో నుండును. ఈ రెండింటికిని మాటలు లేవు. ఉత్తరమునకు బిళ్ళ అంటింపవలసి వచ్చినపుడు ఔన్సు లెక్కన తూచిచూచు నా జాతి, వంటింటి కడకు వచ్చుసరికి త్రాసును గుమ్మము బయటనే నిలిపి, సమస్త ధర్మనిర్ణయమును కప్పునకు అప్పగించినది. కప్పును నింపి, కత్తివాదరతో అంచు సమముగా గీసి కొలువవలెనని 1896లో బోస్టను పాకశాస్త్ర పాఠశాలాధ్యక్షురాలు ఫానీ ఫార్మర్ తన గ్రంథమున శాసించెను. పిండి విషయమున ఆ శాసనము మహోపకారము చేసినమాట నిజము. పీచ్ పండు బద్దలను అంచు సమముగా గీయు టెట్లో మాత్రము బోధపడదు. బద్దకును బద్దకును నడుమ నున్న గాలియు కప్పులో పండు లెక్కనే చెల్లుచున్నది.

పూర్వపు పుస్తకములలో ఇంతకంటెను గూఢమైన పరిభాష యుండెడిది. "రెండవ నంబరు డబ్బా ఒకటి" అని వ్రాసి ఊరకుందురు. రెండవ నంబరనగా 20 ఔన్సులు, రెండున్నర కప్పులు. అట్లయిన రెండున్నర నంబరులో ఎన్ని పట్టునని తర్కశాస్త్రము నడుగరాదు. అందు 29 ఔన్సులు, మూడున్నర కప్పులు. పదవ నంబరు పండ్రెండు పదమూడు కప్పుల గంగాళము. 303 అను ఘనమైన సంఖ్యను ధరించినది వీనియన్నిటిలో పొట్టిది. దానిలో పట్టునవి రెండే కప్పులు. ఒకనాడు 16 ఔన్సులు తూగిన ఆ డబ్బా నేడు 15కు చిక్కినది. ధర మాత్రము ఏనాడును ఉపవాసముండలేదు.

ఇక అనాస ముక్కల 20 ఔన్సుల డబ్బాను జల్లెడలో బోర్లించి చూడుడు. సుమారు మూడింట నొకవంతు బరువు రసమై క్రిందికి జారును. పండు వెల యిచ్చి మనము కొన్న చక్కెరనీరది.

మనవారి గృహములలో ఈ చిక్కు మరియొక రూపము దాల్చినది. చిత్తూరు సీమ తోతాపురి గుజ్జు డబ్బాల కెక్కి సముద్రములు దాటి, అమెరికాలోని తెలుగువారింట పండుగనాడు లస్సీకో మామిడి కేసరికో సిద్ధమగును. డబ్బాపై 850 గ్రాములు, అనగా 30 ఔన్సులు. కప్పునకు ఎనిమిది ఔన్సులని చిన్ననాటి బుద్ధితో భాగించిన ఇల్లాలికి మూడుముప్పాతిక కప్పులు తేలును; పోసి చూచిన మూడున్నరయు నిండవు. డబ్బామీది ఔన్సు బరువు, కప్పుమీది ఔన్సు పరిమాణము, గుజ్జేమో నీటికంటె బరువైనది. ఈ సూక్ష్మ మెరుగక దుకాణదారుని తిట్టుకొను ఇండ్లు కొన్ని గలవు. అది చాలదన్నట్లు, బియ్యము వండు విద్యుత్పాత్రతో వచ్చిన ప్లాస్టిక్ కప్పునే సకలమునకు ప్రమాణముగా స్వీకరించిన సంసారములు బహుళము. దానిలో పట్టునది 180 మిల్లీలీటర్లు. అమెరికా కప్పులో సుమారు 237. ఆస్ట్రేలియా కప్పులో 250. సిడ్నీలోని ఆడపడుచు "డబ్బాకు మూడు కప్పులు, పైన కొంచెము, అంతే వదినా" అనును, బియ్యపు కప్పుతో కొలిచిన డల్లాసులోని వదిన "నాకు నాలుగున్నర దాక వచ్చినవమ్మా, నీవు కొలుచు టెట్లు?" అనును. ఇరువురును సత్యవాదినులే, ఫోనుమాత్రము ఆ పూట కొంచెము ముందుగా పెట్టివేయబడును.

దీనికి మనము నవ్వరాదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యని పిల్లలచేత వల్లెవేయించి, ఆ మానికను ఊరూరికి మార్చుకొని, ఇచ్చుట కొకటియు పుచ్చుకొనుట కొకటియు ఇంట నుంచుకొన్న షావుకార్ల వంశజులము. 1956 నాటి తూనికలు కొలతల చట్టము వచ్చినదాక మనకీ వైభవము తప్పలేదు.

ఇన్ని గండములు గడచి, ముక్కలను వడకట్టి, రసమును తొట్టిలో పారబోసి, చేయి కడుగుకొని, పుస్తకమును తిరిగి తెరచిన గృహిణికి తొమ్మిదవ పంక్తిలో కనబడునది: "ఇప్పుడు, ముందు తీసి యుంచిన రసము అరకప్పు చేర్పుడు."