ముసలి గై బస్సులూ, మీ మూసిన తలుపులూ

ఒరేయ్ మనవడా, బస్సెక్కి ఫోనుకి చార్జింగు అందడం లేదని సణుగుతావు చూడు, అప్పుడు నీకు మా రోజుల ఎడిన్‌బరో ఒక్క వారం చూపించాలనిపిస్తుంది. అదీ జనవరిలో.

నేను ఎఫ్‌ఆర్‌సీఎస్ చదువుదామని గుంటూరు నుంచి ఇక్కడికొచ్చింది 1963లో. అప్పటికి రోడ్ల మీద యుద్ధకాలపు గై అరబ్ డబుల్ డెక్కర్లు ఇంకా తిరుగుతున్నాయి. పేరు చూసి నవ్వకు, పుట్టింది వోల్వర్‌హాంప్టన్‌లోనే. అల్యూమినియమంతా విమానాలకి పోతే, 1942 నుంచి పోత ఇనుమూ, ఉక్కు రేకూ, సరిగా ఆరని పచ్చి కలపా పెట్టి గబగబా కట్టారు వీటిని. రేకుని వంపు తిప్పే తీరిక లేక మూలలన్నీ కోణాలే. తెరుచుకునే కిటికీలు ఒకటో రెండో. చాలావాటిలో సీట్లంటే వట్టి చెక్క బద్దలు. లండన్ ఒక్కటే 435 తీసుకుంది.

యుద్ధం అయింది, పచ్చి కలప పుచ్చింది, లండన్ వాటిని వదిలించుకుంది. 1952లో ఎడిన్‌బరో వాళ్లు ఓ 60 కొని, పైనున్న డొక్కంతా పీకేసి, కొత్త బాడీలు కట్టించి, ట్రాములకి బదులు తిప్పారు. ట్రాములు తీసెయ్యడం ఇంకో ఏడుపు. 1956లో పూర్తిగా ఎత్తేసినవాళ్లే 77 కోట్ల పౌండ్లు పైగా పోసి 2014లో మళ్లీ తెచ్చుకున్నారు. నన్నడిగితే ఊరికే చెప్పేవాణ్ణి.

ఏం చెప్తున్నాను... ఆఁ, బాడీ మార్చినా కింద మిగిలిన ఆ పాత చాసీ. తొందరలో చేసిన బండి అరవైల చివరిదాకా నడిచిందిరా! నువ్వేమో రెండేళ్లకో ఫోను మారుస్తావు. పైనున్నదంతా మార్చాక పాత బస్సెలా అవుతుంది తాతా అంటావా? నా రెండు మోకాళ్లూ మార్చారు, నేను మీ తాతని కాకుండా పోయానా?

ఐదు సిలిండర్ల గార్డ్‌నర్ ఇంజను ఎత్తు ఎక్కుతుంటే మూలుగు వీధి చివరికి వినిపించేది. వెనకాల తలుపే లేదు, పట్టుకోడానికి ఓ కడ్డీ. పరిగెత్తుకొస్తుంటే కండక్టరమ్మ చెయ్యందించి లాగి, "సన్, కాస్త ముందు లేవకూడదూ?" అని చీవాట్లు పెట్టేది. గంట ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే పద. ఇప్పుడెవరో కనిపించని అమ్మాయి ప్రతి స్టాపు పేరూ చదువుతుంది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నవాడికి నికల్సన్ స్ట్రీట్ ఎక్కడో ఆవిడ చెప్పాలి!

పై అంతస్తు నిండా సిగరెట్ పొగే. డాక్టర్లం మేమూ అక్కడే కూర్చుని ఊపిరితిత్తుల పాఠాలు వల్లెవేస్తూ దమ్ము కొట్టేవాళ్లం. సరే, అదొక్కటి మానడం మంచిదే అనుకో.

జేబులో చిల్లర వెతుక్కుని టికెట్ కొనేవాళ్లం. ఇప్పుడు అరవై దాటిన నాకూ ఉచితమే, 22 నిండని నీకూ ఉచితమే. ముసలాడికిచ్చారంటే అర్థముంది, నీకెందుకు?

మొన్న పది అడుగుల దూరంలో ఉండగానే తలుపు మూసుకుంది. చెయ్యందించడానికి లోపల ఎవరున్నారు గనక? కర్ర ఊపాను, తిట్టాను, తెలుగులోనే. ఐదు నిమిషాల్లో ఇంకోటొచ్చింది, ఎక్కి వెచ్చగా కూర్చున్నాను. అయినా ఆ మొదటి డ్రైవరు ఆపాల్సిందే.