పచ్చచుక్క ఉద్యోగం

మా మావగారు కరెంటాఫీసులో చేరిన రోజునే రిటైరయ్యే తేదీ కూడా తెలిసిపోయిన అదృష్టవంతులు. ఎప్పుడు మా ఇంటికొచ్చినా చెప్పులు విప్పుతూనే అడుగుతారు, "ఏవండీ అల్లుడుగారూ, ఈసారన్నా పర్మనెంటు చేశారా?" అని.

చెయ్యలేదు. చెయ్యరు. నాది ఇంట్లో కూచుని చేసే కాంట్రాక్టు పని. న్యూజెర్సీలో ఒక కంపెనీ ఉంది. దాని పని అక్కడే ఇంకో కంపెనీ పుచ్చుకుంది. వాళ్ల దగ్గర హైదరాబాదులో మరో కంపెనీ పుచ్చుకుంది. ఆ చివర, కాకినాడలో, బియ్యం బస్తాలుండే గదిలో నేనున్నాను. పైనుంచి బయల్దేరిన డాలరు మెట్టుమెట్టుకీ కాస్త ఒళ్లు తగ్గించుకుంటూ, బిల్లు పెట్టిన 45 రోజులకి నా దాకా దిగుతుంది. మూడేసి నెలలకోసారి పొడిగింపు. ఆ కబురు మాత్రం గడువు ముగిసే వారం శుక్రవారం రాత్రి దాకా రాదు. క్రిస్మస్‌కి న్యూజెర్సీవాళ్లు సెలవు పెడితే జీతం వస్తుంది. అదే సెలవు నాకిస్తే దాన్ని ఫర్లో అంటారు, రూపాయి రాదు.

మొన్నామధ్య ఇంటి లోనుకి వెళ్తే బ్యాంకాయన పేస్లిప్పులు అడిగాడు. ఇన్వాయిస్‌లు చూపించాను. "ఇవి మీరు వాళ్లకి రాసినవి కదండీ, వాళ్లు మీకు రాసిందేమన్నా ఉందా?" అన్నాడు. వాళ్లు నాకు రాసేది ఒకటే, "క్విక్ కాల్?" అని. దాన్ని హామీగా పెట్టుకునే బ్యాంకు ఇంకా పుట్టలేదు.

మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ నిర్ణయించేది కూడా అమెరికావాళ్లే. అక్కడి తూర్పు తీరంలో ఉదయం 9 గంటల మీటింగు మనకి వేసవిలో సాయంత్రం 6.30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు, మనకది 7.30 అయి కూచుంటుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. మా ఆవిడ సీరియల్ సరిగ్గా 7.30కి. "మీ ట్రంపుగారితో చెప్పి ఆ గడియారం సంగతేదో తేల్చమనండి, టీవీ మటుకు తగ్గించను" అంటుంది. నాకంత పలుకుబడి ఉంటే ముందు పొడిగింపు సంగతే తేల్చుకుందును.

పని కన్నా కష్టం పచ్చచుక్క. మా ఆఫీసు చాట్ టీమ్స్‌లో అయిదు నిమిషాలు మౌసు కదలకపోతే పేరు పక్కనున్న పచ్చచుక్క పసుప్పచ్చగా మారుతుంది. బుర్రలో ఎంత ఆలోచిస్తున్నా దానికి పట్టదు, చెయ్యి కదలాలి. మా అమ్మ వచ్చినప్పుడల్లా ఆ పని ఆవిడకి అప్పజెప్తాను. ఒక చేత్తో జపమాల, ఇంకో చేత్తో మౌసు. ఆవిడున్న వారం నా అంత కష్టజీవి కంపెనీ మొత్తంలో ఉండడు.

చాట్ ముందు కూచుని ఎదురుచూడ్డానికి నేనేం కొత్తవాణ్ణి కాను. 2000 ప్రాంతంలో అమీర్‌పేటలో పగలు జావా కోచింగు, సాయంత్రం నెట్ సెంటరు. ప్లైవుడ్ గదులు, ముందు ఒక మాసిన కర్టెను, లోపల యాహూ మెసెంజర్. ఎవరు తగిలినా మొదటి ప్రశ్న "ఏఎస్ఎల్?" వయసు, ఆడా మగా, ఊరు. ఊరు అడిగితే అందరూ కాలిఫోర్నియాయే. ఒకసారి అలా జవాబు కోసం చూస్తూంటే పక్క గదిలోంచి వినపడింది, "అన్నా, కాలిఫోర్నియా స్పెల్లింగ్ ఎట్ల?" అని.

అప్పుడు గంటకింతని నేను డబ్బులిచ్చి ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు గంటకింతని వాళ్లిస్తున్నారు. అభివృద్ధి అనక ఏమంటాం? అవతలివాడు పలక్కపోతే అప్పట్లో 'బజ్' నొక్కితే వాడి కిటికీ గజగజా వణికేది. ఇప్పుడా మీట లేదు కనక మా మేనేజరు "జెంటిల్ రిమైండర్" అంటాడు. వణకడం మటుకు అదే.

నిజానికి ఈ ఆఫీసు చాట్లన్నీ ఆ పాత కబుర్ల సంతానమే. ఐఆర్‌సీ అనే చాట్‌ని 1988లో ఫిన్లండులో ఒక విద్యార్థి తయారుచేశాడు. ఇప్పటి ఆఫీసు చాట్లలో ఒకటైన స్లాక్ వాళ్లు మొదట ఒక ఆన్‌లైన్ ఆట తయారుచేసుకునేవాళ్లు. ఆఫీసులో మాట్లాడుకోడానికి ఐఆర్‌సీ వాడి, దానికి అవీ ఇవీ తగిలించుకున్నారు. ఆట 2012లో మూతపడింది, తగిలింపులు స్లాకై కూచున్నాయి. అందులో గదుల పేర్ల ముందుండే హ్యాష్ గుర్తు ఐఆర్‌సీ ఇంటి ఆనవాలే. అంటే ఒకప్పుడు మా నాన్న తిట్టి మాన్పించిన పనినే ఇప్పుడు మా పిల్లలు "నాన్న ఆఫీసులో ఉన్నారు" అంటున్నారు.

యాహూ మెసెంజర్ పోయిన తీరు మాత్రం పెద్దమనిషి తరహా. 2018 జూన్‌లో ముందుగా చెప్పి జూలై 17న మూశారు. పాత కబుర్లు దించుకోడానికి ఆర్నెల్లు గడువు కూడా ఇచ్చారు. నా కిందటి కాంట్రాక్టులో కాగితం మీద రెండు వారాల నోటీసు అని ఉంది. ఓ మంగళవారం సాయంత్రం మీటింగుకి కూచుంటే పాస్‌వర్డు తప్పంది. మళ్లీ కొట్టాను, అసలు అలాంటి మనిషే లేడంది. అప్పటి హైదరాబాదు కంపెనీ ఆయనకి ఫోన్ చేశాను.

"రెండు వారాల కిందటే మీకు మెయిల్ పెట్టాం కదండీ" అన్నాడు.

"రాలేదండీ. ఏ అడ్రసుకి పెట్టారు?"

"మీకు కొత్తగా ఇచ్చాం కదా సార్, ఆ ఐడీకే."

"నాకు కొత్త ఐడీ ఎప్పుడిచ్చారు?"

"దాని పాస్‌వర్డు కూడా అదే మెయిల్లో ఉంది సార్."