అంతా చదువు కోసమే

మిట్టేమరిలో ల్యాప్‌టాప్ కొన్న ఏ ఇంటికైనా వెళ్ళి ఎందుకు కొన్నారని అడగండి. జవాబు ఒకటే: "చదువుకోసరం." పిల్లవాడిదీ అదే మాట, నాయనదీ అదే మాట. చిక్కబళ్ళాపురం షోరూములో అమ్మిన కుర్రాడిదీ, ఈఎంఐ కాగితాల మీద సంతకం పెట్టించుకున్నవాడిదీ అదే మాట. సినిమా అన్న మూడక్షరాలు మాత్రం ఒక్కరి నోటా రావు. కన్నడ బడిలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, తెలుగు సినిమా డైలాగులతో పోట్లాడుకునే జనం మనం. బస్సెక్కితే దిగే హిందూపురంలో బాలకృష్ణ వరసగా మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచాడు. అలాంటి సీమలో పుట్టి, నలభై యాభై వేలు పోసి తెర ఉన్న వస్తువొకటి కొని, అందులో సినిమా చూడబోమని ఊరందరికీ మాటిస్తున్నాం. అడిగిందెవరు?

చూస్తే చూశారు, అబద్ధం ఆడితే ఆడారు, మధ్యలో నీకేం పోయిందని మీరు అనవచ్చు. నా బాధ వేరే. సినిమా అనే మాట ఎవరూ ఎత్తరు కాబట్టి తెర సంగతి ఎవరూ అడగరు. చదువుకీ సినిమాకీ ఉమ్మడిగా కావలసింది ఆ తెర ఒక్కటే. నోట్సు పీడీఎఫ్‌ను మూడు గంటలు చదివే కన్నూ, మూడు గంటల సినిమా చూసే కన్నూ ఒకటే కదా. మిగతా హంగుల్లో సగం రెండింటికీ అక్కర్లేదు. అక్కర్లేనివాటిని బేరమాడి మరీ తెచ్చుకుని, కావలసినదాన్ని కంపెనీ దయకు వదిలేస్తున్నాం. కంపెనీకి మన గుట్టు తెలుసు. ధర తగ్గించాల్సి వచ్చిన ప్రతిసారీ కత్తెర మొదట పడేది తెర మీదే. అడిగేవాడు లేడు మరి.

ఈ కొనుగోళ్ళకు ఆస్థాన సలహాదారు బెంగళూరు బావ. ప్రతి ఇంటికీ ఒకడుంటాడు. సాఫ్ట్‌వేరులో ఏం చేస్తాడో అతని భార్యకు కూడా సరిగ్గా తెలియదు గానీ, ల్యాప్‌టాప్ మాటొస్తే అతని మాటే వేదం. "మామా, కొనేది ఒకసారే కదా, గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి. ఐదేళ్ళు తిరిగి చూసే పని ల్యా" అని ఫోనులోనే తేల్చేస్తాడు. మామ పట్టుగూళ్ళు అమ్మిన డబ్బులు లెక్కపెట్టుకుంటూ తలూపుతాడు. అబ్బాయి చేరబోయేది బాగేపల్లిలో బీకాం. బీకాంలో బ్యాలెన్స్ షీటు కలవడానికి గ్రాఫిక్స్ కార్డు ఏ రకంగా సాయపడుతుందో బావ చెప్పడు, మామ అడగడు. అబ్బాయికి మాత్రం తెలుసు, నోరు మెదపడు. వాడి ఆట వాడికుంది.

ఆ ల్యాప్‌టాప్ బరువు రెండుంబావు కిలోల పైమాటే. అరకిలో దాటే దాని ఛార్జరు అదనం. ప్రకటనలో అచ్చేసిన బరువులో ఛార్జరును కలపడం ఎక్కడా ఆచారం కాదు. పొద్దున బాగేపల్లి బస్సులో నిలబడడానికే చోటుండదు. 2023 జూన్ 11న శక్తి పథకం కింద ఆడవాళ్ళకు టికెట్టు తీసేశాక బస్సులు నిండుగానే నడుస్తున్నాయి. మంచిదే, ఆడపిల్లలు కాలేజీలకు వస్తున్నారు. ఆ రద్దీలో ఒంటి చేత్తో కడ్డీ పట్టుకుని, వీపున మూడు కిలోలు మోస్తూ వెళ్ళేవాడు నెల తిరిగేసరికి దాన్ని ఇంట్లో వదిలేస్తాడు. తరగతికి రాని ల్యాప్‌టాప్ చదువు కోసం కొన్నది ఎట్లయిందో బావే చెప్పాలి. మన పక్క గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన ఎచ్. నరసింహయ్యగారు చిన్నప్పుడు చదువు కోసం బెంగళూరు దాకా కాలినడకన పోయారని చెబుతారు. వీపున గేమింగ్ ల్యాప్‌టాప్ లేదు కాబట్టి చేరుకున్నారు.

నరసింహయ్యగారిని ఇంకో పనికి కూడా తలుచుకోవాలి. బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నప్పుడు, 1976లో, మహిమల మీద శాస్త్రీయ విచారణకు ఆయన ఒక కమిటీ వేశారు. గాల్లోంచి వస్తువులు తీసేవాళ్ళను మా ముందు తీసి చూపించండి అన్నారు. అలాంటి కమిటీ ఇప్పుడు షోరూములకు కావాలి. గాల్లోంచి పద్దెనిమిది గంటల బ్యాటరీ తీసేవాళ్ళు అక్కడ వీధికి ఇద్దరున్నారు.

ఆ పద్దెనిమిది గంటలు ఎక్కడివో తెలుసా? చాలా కంపెనీలు కింద చిన్నక్షరాల్లో తామే రాస్తాయి: వెలుగు బాగా తగ్గించి, ముందే దాచుకున్న వీడియోను ఆగకుండా ఆడిస్తూ లెక్కగట్టామని. అంటే కంపెనీవాడు తన ప్రయోగశాలలో చూసింది సినిమానే! బ్యాటరీని కొలవడానికి వాడు దర్జాగా వీడియో పెట్టుకుంటాడు, అట్ట మీద పుస్తకం పట్టుకుని నవ్వే అమ్మాయి బొమ్మ వేస్తాడు. మనం ఆ అమ్మాయిని నమ్మి కొంటాం.

చింతామణి మార్కెట్లో శెనక్కాయ బస్తా కొనేవాడిని చూడండి. బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునున్న కాయ పైకి తీసి, చితిపి, గింజ నమిలి, అప్పుడు ధర మాట్లాడతాడు. సంచి మీద ఏం రాసుందో వాడికి అనవసరం. అదే మనిషి షోరూములోకి అడుగుపెట్టగానే చేతులు కట్టుకుని నిలబడి స్టిక్కర్లు చదువుతాడు. ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి నిజమే అయ్యుంటాయని అనుకుంటాడు.

ఈ మధ్య స్టిక్కర్ల గుంపులోకి ఏఐ వచ్చింది. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ఒక కొలత పెట్టింది. ఏఐ కోసం ఉన్న చిప్పు 40 టాప్స్ చేస్తేనే తన కొత్త బిరుదు ఇస్తానంది. మన లెక్కలో చెప్పాలంటే సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు. మన అబ్బాయి బీకాం మూడేళ్ళలో చెయ్యబోయే కూడికలన్నీ కలిపినా ఆ చిప్పుకు ఆవలింత కూడా రాదు. అబ్బాయి ఏఐని అడగబోయేది అసైన్‌మెంట్ రాసిపెట్టమని. ఆ పని పాత ఫోనులో కూడా అవుతుంది, ఎందుకంటే లెక్కంతా ఎక్కడో దూరాన ఉన్న సర్వర్లలో జరుగుతుంది. మిట్టేమరిలో కావలసింది టాప్స్ కాదు, సిగ్నల్.

ఇప్పుడు తెర దగ్గరికొద్దాం. తక్కువ ధర ల్యాప్‌టాపుల వివరాల్లో, వెతికితే, "45 శాతం ఎన్టీఎస్‌సీ" అని ఒక ముక్క దొరుకుతుంది. 1953లో అమెరికావాళ్ళు కలర్ టీవీకి పెట్టుకున్న రంగుల కొలత అది. ఆ పరీక్షలో మన తెరకు నూటికి 45 మార్కులు వచ్చాయన్నమాట. పీయూసీలో కొడుక్కి 45 మార్కులొస్తే వారం రోజులు అన్నం సహించని తండ్రి, 45 మార్కుల తెరను పసుపు కుంకుమ పెట్టి ఇంట్లోకి తెస్తున్నాడు. దాని వెలుగు 220, 250 నిట్స్. జేబులోని ఫోన్లలో మంచివి వెయ్యి దాటేశాయి. నల్లని సన్నివేశమొస్తే ఈ తెరలో సొంత ముఖం కనబడుతుంది. మన పాత కోలారు జిల్లా గనుల పేరుతోనే వచ్చిన "కేజీఎఫ్" సినిమా పెట్టి చూడండి. అసలే మసి రంగు సినిమా. అందులో ఎవరు ఎవరిని కొడుతున్నారో శబ్దాన్ని బట్టి పోల్చుకోవాలి.

సినిమా సంగతి వదిలేయండి, మనం చూడం కదా. చదువు సంగతే చూద్దాం. చవక తెరల్లో ఇంకా 1366 అడ్డం, 768 నిలువు చుక్కలవి అమ్ముతున్నారు. పదిన్నర లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అయితే 20 లక్షలు దాటుతాయి. ఇంగ్లీషు అక్షరాలకు ఆ తక్కువ చుక్కలు ఎట్లో సరిపోతాయి. తెలుగుకీ కన్నడకీ కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. చిన్న సైజులో పెడితే ఒత్తులన్నీ కలిసిపోయి ఏ అక్షరమో అంతుపట్టదు. కన్నడ మాధ్యమంలో చదివే పిల్లల కళ్ళు ముందుగా అలిసిపోయేది అక్కడే. ఇది ఏ స్టిక్కరు మీదా రాయరు.

ప్రభుత్వాలు మాత్రం తక్కువ తిన్నాయా? 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో కేంద్ర మానవ వనరుల శాఖ ఒక అద్భుతం ఆవిష్కరించింది. అంతకుముందు నుంచే ఊరూవాడా మోగిపోయింది: పది డాలర్ల ల్యాప్‌టాప్, అంటే ఐదువందల రూపాయలది, ఇండియా చేసేసిందని. ప్రపంచంలోని పత్రికలన్నీ తిరుపతి వైపు చూశాయి. అంతకు నాలుగేళ్ళ క్రితం, 2005లో, అమెరికా ప్రొఫెసర్ నికొలస్ నెగ్రొపాంటే వంద డాలర్ల పిల్లల ల్యాప్‌టాప్ అని చేతితో తిప్పే హ్యాండిల్ పెట్టి చూపిస్తే, అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ తిప్పగానే ఆ హ్యాండిల్ ఊడింది. దాని ధర కూడా చివరికి వందకు నిలవలేదు. మనవాళ్ళు అందులో పదో వంతుకే ఇస్తామన్నారు. తీరా ముసుగు తీస్తే ఉన్నది సమాచారం దాచుకునే చిన్న పెట్టె. దానికి తెర లేదు! చదువు చదువు అంటూ తెరను మరిచిపోయిన మన నాయనకు ఇంతకన్నా గొప్ప ఆదర్శం ఏం కావాలి? 2011 అక్టోబరులో వచ్చిన ఆకాశ్ టాబ్లెట్‌కు పాపం తెర ఉంది, ఏడంగుళాలు, గోటితో నొక్కితే గానీ కదలదు.

నిజంగా చవకా తేలికా రెండూ కలిసి వచ్చినవి లేవా అంటే, వచ్చాయి. 2023లో జియోబుక్ 990 గ్రాముల బరువుతో 16,499 రూపాయలకు వచ్చింది. బరువులో నిజాయితీ ఉంది. నాలుగు జీబీ ర్యామ్, 768 చుక్కల తెరతో సరిపెట్టుకోవాలి. దేనికి దేన్ని వదులుకున్నారో కనబడుతూనే ఉంది, అందుకే దాని మీద నాకు కోపం లేదు. వెయ్యి అబద్ధాల మధ్య ఒక కిలో లోపు నిజం.

ముద్దేనహళ్ళి వైపు ఇంజినీరింగు చదువుతూ మూడు కోణాల్లో బొమ్మలు గీసే పిల్లలకు గ్రాఫిక్స్ కార్డు కావాలి, కాదనను. వాళ్ళు కొనుక్కోనీ. బీకాం, బీఏ, బీఎస్సీ, టీచరు ట్రైనింగు పిల్లలకు పద్నాలుగు అంగుళాలు, కిలోన్నర లోపు బరువు, ఎనిమిదికి తగ్గని ర్యామ్ (పదహారైతే హాయి), ఎస్సెస్డీ, ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర, 300 నిట్స్. అంతే, చీటీ రాసిచ్చాను. కొత్తది అందకపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పొండి. కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి వదిలేసిన ఆఫీసు ల్యాప్‌టాపులు అక్కడ కొత్తదానిలో సగం ధరకే దొరుకుతాయి. బావ ఆఫీసులో వాడి పారేసినదే అందులో ఉన్నా ఉండొచ్చు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి పైకి మాత్రమే చూడండి, దాని కిందివాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పాతదానిలో బ్యాటరీ కొత్తది వేయించుకోండి, ఆ ఖర్చు బేరంలోనే తేల్చుకోండి.

షోరూముకే పోతే శెనక్కాయల మార్కెట్టుకు పోయినట్టే పొండి. ఫోనులో ఒత్తులు దట్టంగా ఉన్న కన్నడ పీడీఎఫ్ ఒకటి, చీకటి సన్నివేశమున్న సినిమా ముక్క ఒకటి తీసుకుపోయి రెండూ ఆ తెర మీద ఆడించమనండి. పక్కనుంచి చూడండి, రంగులు తెల్లబోతే లేచిపొండి. తర్వాత ఛార్జరుతో సహా బ్యాగులో వేసుకుని పది నిమిషాలు షోరూములోనే నిలబడండి, ఒంటి చేత్తో గోడ పట్టుకుని. కుర్రాడు విచిత్రంగా చూస్తాడు. "ఇదంతా ఎందుకన్నా, మల్టీమీడియా ఎక్స్‌పీరియన్స్ అని రాసుంది కదా" అంటాడు. సినిమాకు వాళ్ళు పెట్టుకున్న గౌరవనామం అది. పేర్లు మార్చడంలో మనకూ అనుభవముంది. 2025 జులైలో నంది కొండ మీద కూర్చున్న మంత్రివర్గం బాగేపల్లిని భాగ్యనగర అనాలని నిర్ణయించింది. ఆ తర్వాత కూడా బస్సు వచ్చేటప్పుడే వస్తోంది.

ఇంట్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, లేకపోతే లెక్క తెగదు. ల్యాప్‌టాప్ వచ్చిన మొదటి వారం అబ్బాయి దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. రెండో వారం అవ్వ "ఆ పెట్టెలో మాయాబజార్ వస్తాదంట గదా" అని అడుగుతుంది. మూడో వారానికి సాయంత్రం ఏడయ్యేసరికి అది నట్టింట్లో పీట మీద ఉంటుంది, చుట్టూ ఇంటిల్లిపాదీ. వెలుగు చాలక నాయన లేచి లైటు ఆర్పుతాడు. చదువుకోసరం అన్న పెద్దమనిషే "సౌండు పెంచప్పా" అంటాడు. అబ్బాయి వసారాలో గోడకు ఆనుకుని, రేపటి పరీక్ష నోట్సు ఫోనులో చదువుకుంటాడు.