త్రీ ప్లస్ వచ్చింది, శుభాకాంక్షలు!

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీకి కాస్త తరుగు ఎక్కువ తీస్తే కమీషన్ వ్యాపారి చొక్కా పట్టుకుంటారు మనవాళ్లు. తాలుకాయ ఏదో, మేలుకాయ ఏదో చీకట్లో తడిమి చెబుతారు. అంతటి గడుసువాళ్లు మందుల షాపులో కొన్న కీటోన్ పరీక్ష కాగితం పట్టీని మూత్రంలో ముంచి, అది ఊదారంగుకు తిరగ్గానే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు. "అన్నా, త్రీ ప్లస్!" కింద వరసగా దణ్ణాలు, చప్పట్లు.

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఊళ్ల మీద పడ్డప్పుడు మొదలైంది ఈ సంబరం. రోజుకు 70 గ్రాముల కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ బిళ్లలు. కూరలో కొబ్బరినూనె వాసనొస్తే కంచం తోసేసే జిల్లాలో దాన్ని గ్లాసుల్లో పోసుకుని తాగారు. బరువు తగ్గినవాళ్లు ఉన్నారు, కాదనను. అన్నం మానేస్తే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, కాలేయం దాంతో కీటోన్లు చేస్తుంది, కొన్ని మూత్రంలో పోతాయి. కార్తీక సోమవారం ఉపవాసమున్న అత్తగారికీ పోతాయి. వేవిళ్లతో మెతుకు ముట్టని కోడలికీ పోతాయి. పాపం, వాళ్లకెవరూ చప్పట్లు కొట్టరు. ఆ కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్లినా చాలు.

పట్టీ ముంచింది ఎవరో పట్టీకి తెలియదు. ఇన్సులిన్ తగినంత ఉన్న ఒంట్లో కీటోన్లు ఒక హద్దులో ఆగుతాయి. లేని ఒంట్లో ఆగవు, రక్తం ఆమ్లమైపోతుంది. టైప్ వన్ షుగరున్న కుర్రాడితో "సూది మానెయ్, డైట్ చాలు" అనే అరుగు ఆచార్యులకు ఒక సంగతి మనవి చేయాలి. 1922 జనవరిలో టొరంటోలో తొలి ఇన్సులిన్ సూది వేసేదాకా అలాంటి పిల్లలకు డాక్టర్లు చేసిందీ అదే: తిండి కోసెయ్యడం. దాంతో కొన్నాళ్లు ఎక్కువ బతికేవారు, అంతే.

ఇంకో తిరకాసు షుగరుకు వాడే డపాగ్లిఫ్లోజిన్ బిళ్ల. 2020లో పేటెంటు తీరాక చౌకై ఊరూరా దొరుకుతోంది. అది మింగుతూ అన్నం మానేస్తే, షుగరు 250 దాటకుండానే రక్తం ఆమ్లం కావచ్చు. గ్లూకోమీటరు చూసి "షుగర్ బానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగిస్తాం.

మార్చిలో కల్లంలో కాయలు ఆరబోస్తూ షుగరున్న మనిషి వాంతి చేసుకుంటే ఊరంతా ఒకటే మాట, వడదెబ్బ. ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజు సీసా ఎక్కిస్తాడు. మనిషి లోతుగా, గబగబా ఊపిరి తీస్తున్నా, నోట్లోంచి గోళ్లరంగు తుడిచే మందు వాసన వస్తున్నా, సీసా అయ్యేదాకా ఆగాల్సిందే, డబ్బు కట్టాంగా!

ఆగకూడదు. షుగరున్నవాళ్లకు పట్టీలో రెండు ప్లస్‌లో అంతకు మించో కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లడానికి ఆలస్యం వద్దు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉంటే పట్టీ ఏం చెప్పినా 108కి ఫోన్ చేసి గుంటూరో ఒంగోలో, దగ్గర్లోని పెద్దాసుపత్రికి పోవాలి. పట్టీ అన్ని కీటోన్లనూ పట్టదు, రక్తపరీక్షలోనే అసలు లెక్క తేలుతుంది. తినలేదు కదా అని ఇన్సులిన్ ఆపకూడదు. అంబులెన్సులో చోటుంటే ఆ అరుగు ఆచార్యుణ్ణి కూడా ఎక్కించుకోండి. ఏ మందు ఎప్పుడు మానేశారని డ్యూటీ డాక్టరు అడుగుతాడు, ఎవరు చెప్తే మానేశారని కూడా అడుగుతాడు.