కొమ్ములు మొలిచింది ఎవరికి?

"నువ్వు లోకాన్ని నాశనం చెయ్యడానికే పుట్టావు" అని చెప్తే ఎవరికైనా భయమేస్తుంది. హెల్‌బాయ్‌కి విసుగొస్తుంది. ఎర్రటి ఒళ్లు, వెనక తోక, నుదుట కొమ్ములు, కుడిచెయ్యేమో బండరాయి. పుట్టింది నరకంలో, ఉద్యోగం అమెరికాలో. 1944లో యుద్ధం చేజారిపోతున్న నాజీలు రాస్పుటిన్ అనే రష్యా మాంత్రికుణ్ని పట్టుకుని, హోమం చేయించినంత పని చేసి రప్పించుకున్న పిల్లాడు. తీరా చూస్తే అమెరికా సైన్యం చేతిలో పడ్డాడు. ఓ ప్రొఫెసర్ పెంచి పెద్ద చేశాడు. దయ్యాల మీద దర్యాప్తు చేసే శాఖలో కొలువు దొరికింది. ఆ రాతిచెయ్యి ప్రళయానికి తాళంచెవి. తలుపు తియ్యి నాయనా అని మంత్రగత్తెలూ పిశాచాలూ బతిమాలుతూనే ఉంటారు. ఈయన మాత్రం నాకు వేరే పనుందని కొమ్ములు అరగదీసుకుని డ్యూటీకి వెళ్లిపోతాడు.

కామిక్స్ గీసే మైక్ మిన్యోలా ఈ బొమ్మ గీసి జనం ముందు పెట్టింది 1993లో. మరుసటేడు డార్క్ హార్స్ సంస్థ తొలి కథ అచ్చేసింది. మిన్యోలా పేజీల్లో ఎరుపు కన్నా నలుపే ఎక్కువ. సగం బొమ్మ చీకట్లో వదిలేస్తాడు, మిగతా సగం మనల్నే ఊహించుకోమంటాడు. 1999లో 'పాన్‌కేక్స్' అని రెండంటే రెండు పేజీల కథ రాశాడు. న్యూ మెక్సికోలో సైనిక స్థావరం. పొద్దున్నే పిల్ల హెల్‌బాయ్‌కి టిఫిన్ పెడతారు. తిననని మారాం చేస్తాడు. బలవంతాన ఓ ముక్క నోట్లో పెట్టుకుంటాడు. బావుందే అంటాడు. అంతే, కింద నరకంలో రాక్షసులంతా ఘొల్లుమంటారు, ఇక వీడు మనవాడు కాడని. ఒక్క బొట్టు రక్తం లేదు, ఒక్క తల తెగలేదు. ఓ అట్టుముక్కతో నరకం మొత్తం ఓడిపోయింది.

ఈ కథ ఎవరికి అర్థమైనా కాకపోయినా దర్శకుడు గిల్యెర్మో డెల్ టోరోకి అర్థమైంది. నటుడు రాన్ పెర్ల్‌మన్‌కి ఎర్రరంగు పూసి 2004లో ఒక సినిమా, 2008లో ఇంకోటి తీశాడు. మొదటిది ఆరు కోట్ల అరవై లక్షల డాలర్లతో తీస్తే దాదాపు పది కోట్లు వచ్చాయి. రెండోది ఎనిమిదిన్నర కోట్లతో తీస్తే పదహారు కోట్లు దాటాయి. నష్టం కాదు, కానీ హాలీవుడ్‌లో నష్టం కాకపోవడం కూడా నేరమే. మూడోది తీస్తానని ఆయన ఏళ్ల తరబడి తిరిగాడు. 2017 జనవరిలో ట్విట్టర్లో జనాన్ని అడిగితే లక్షకు పైగా ఓట్లు పడ్డాయి. ఓట్లు పడ్డాయి గానీ నోట్లు పడలేదు. ఫిబ్రవరిలో ఆ సినిమా ఇక రాదని ఆయనే చెప్పేశాడు. అప్పటికే ఓ నీటిమనిషి ప్రేమకథ తీసుకుని, హెల్‌బాయ్ సినిమాల్లో చేపమనిషిగా వేసిన డగ్ జోన్స్‌నే మళ్లీ నీళ్లలోకి దింపి, దాదాపు రెండు కోట్ల డాలర్లతో 'ద షేప్ ఆఫ్ వాటర్' చుట్టేశాడు. 2018లో ఆ సినిమా ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడుతో కలిపి నాలుగు ఆస్కార్లు పట్టుకుపోయింది.

ఈలోగా నిర్మాతలు ఊరుకున్నారా? ఊరుకుంటే నిర్మాతలెందుకవుతారు! 2016లో 'డెడ్‌పూల్' వచ్చింది. పెద్దలకు మాత్రమే అన్న ముద్ర వేసుకుని, ఆరు కోట్ల లోపు ఖర్చుతో డెబ్బై ఎనిమిది కోట్ల డాలర్లు లాగింది. 2017లో 'లోగన్' కూడా అదే ముద్రతో ఆడింది. మొదటిదాన్ని జోకులు నడిపాయి, రెండోదాన్ని ఓ ముసలి వీరుడి అలసట నడిపింది. లెక్కల పుస్తకంలో జోకుకీ అలసటకీ కాలమ్ ఉండదు, రక్తానికుంటుంది. కూర కుదరకపోతే కారం డబ్బా అందుకునే వంటవాడిలా అందరూ నెత్తురు డబ్బా అందుకున్నారు. మనమేం తీసిపోలేదు. ఒకప్పుడు 'ఏ' సర్టిఫికెట్ వస్తే పోస్టర్ మూలన కనపడీ కనపడనట్టు వేసేవాళ్లు, ఇప్పుడు బిరుదులా చెప్పుకుంటున్నాం.

అలా 2019 ఏప్రిల్‌లో కొత్త హెల్‌బాయ్ దిగాడు. దర్శకుడు నీల్ మార్షల్. 'ద డిసెంట్'లో ఆరుగురు ఆడవాళ్లను గుహలోకి దింపి ప్రపంచానికి ఊపిరాడకుండా చేసిన మనిషి. హీరో డేవిడ్ హార్బర్, 'స్ట్రేంజర్ థింగ్స్' పోలీసాయన. విలన్ మిల్లా జోవోవిచ్, పెంపుడు తండ్రి ఇయాన్ మెక్‌షేన్. ఎవర్నీ వంకపెట్టలేం. అయినా రెండు గంటల సినిమా చూశాక, కథ ఖాయం చేసిన మీటింగ్ ఎలా జరిగి ఉంటుందో ఊహించడం పెద్ద కష్టం కాదు.

"హీరో ఏం చేస్తాడు?"

"ప్రళయం వద్దంటాడు సార్."

"వద్దంటే ఎలా? గ్రాఫిక్స్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాం."

"మొదట్లో ఆర్థర్ మహారాజు ఓ మంత్రగత్తెను ముక్కలుగా నరికి పెట్టెల్లో పెట్టిస్తాడు."

"పెట్టు."

"తర్వాత మెక్సికోలో రక్తపిశాచితో కుస్తీ."

"పెట్టు."

"ఇంగ్లండులో కొండంత రాక్షసుడు..."

"ఒక్కడేనా?"

"నోట్లోంచి ఆత్మల్ని కక్కే అమ్మాయి, జాగ్వార్‌గా మారే సైనికుడు, పగబట్టిన పందిమనిషి, నాజీలు, మాంత్రికుడు మెర్లిన్, ఎక్స్‌కాలిబర్ కత్తి..."

"అన్నీ పెట్టు. వీటిల్లో వద్దనేది ఏదైనా ఉందా?"

"హీరో ఒక్కడే సార్."

మిన్యోలా ఇదే సరుకును 'డార్క్‌నెస్ కాల్స్', 'ద వైల్డ్ హంట్', 'ద స్టార్మ్ అండ్ ద ఫ్యూరీ' అని విడివిడి కథలుగా ఏళ్ల మీద పరిచాడు. హెల్‌బాయ్‌లో ఆర్థర్ రక్తం ఉందని తెలిసే ఘట్టం అక్కడ పిడుగులా పడుతుంది. నరకం అతణ్ని వారసుడంది. ఇప్పుడు ఇంగ్లండు సింహాసనం కూడా వారసుడే అంటోంది. పాపం, ఎటు చూసినా వంశమే. సినిమాలో ఆ ముక్కను మెర్లిన్ గబగబా అప్పజెప్పి రాలిపోతాడు. మనం పాప్‌కార్న్ కోసం వంగి లేచేలోపు హీరోగారి కులగోత్రాలు మారిపోతాయి.

ఇక నెత్తురు. చివర్లో భూమి బద్దలై లండన్‌లోకి రాక్షసులు వస్తారు. ఒకడికి కాళ్లే బల్లేలు, నడుస్తూ జనాన్ని గుచ్చేస్తుంటాడు. ఇంకోచోట మనిషిని పచ్చిగా చీల్చేస్తారు. కళ్లు మూసుకుందామంటే అవసరం పడదు. చచ్చేవాళ్లెవరో మనకు తెలీదు, హీరోకీ తెలీదు, చంపే రాక్షసుడికీ తెలీదు. పరిచయం లేని చావులకు పలకరింపేముంటుంది?

అదే సినిమాలో బాబా యాగా అనే ముసలి మాయావి ఇంటి ఘట్టం చూడండి. కోడికాళ్ల మీద నడిచే ఇల్లు. లోపల ఒంటికన్ను ముసల్ది, ఒళ్లు వెనక్కి విరుచుకుని నాలుగు కాళ్ల మీద పాకుతూ వస్తుంది. వంటింట్లో పిల్లల కాళ్లూ చేతులూ వేలాడుతుంటాయి. హెల్‌బాయ్‌ని ఎదురుగా కూర్చోబెట్టి భోజనం వడ్డిస్తుంది. ఆ ముక్కల మంత్రగత్తె ఎక్కడుందో చెప్తాను, నీ కన్నొకటి ఇవ్వు అంటుంది. బేరం కుదురుతుంది, ఆ బేరంలో మనవాడు తిరకాసు పెడతాడు. ఈ ఘట్టంలో ఎవరూ ఎవర్నీ నరకరు, ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటారంతే. సినిమాలో భయమేసేది అక్కడే. నీల్ మార్షల్‌కి పని రాక కాదు, పని చేసుకోవడానికి చోటు దొరక్క.

ఈ సినిమా చుట్టూ తిరిగినవాళ్లలో 'వద్దు' అన్న మొనగాడు ఒకే ఒక్కడు కనిపిస్తాడు. ఎడ్ స్క్రీన్ అనే నటుడు. జాగ్వార్ సైనికుడి వేషం ముందు అతనికే ఇచ్చారు. కామిక్స్‌లో ఆ పాత్ర జపాన్ మూలాలున్న అమెరికన్. తెల్లవాడికెలా ఇస్తారని జనం అడిగితే, 2017 ఆగస్టులో తనంతట తానే తప్పుకున్నాడు. వేషం డేనియల్ డే కిమ్‌కి వెళ్లింది. హెల్‌బాయ్ కథ చదివి ఆచరణలో పెట్టిన ఏకైక మనిషి, హెల్‌బాయ్ సినిమాలో లేడు!

వసూళ్లు కూడా చూద్దాం. ఐదు కోట్ల డాలర్ల సినిమా. మొదటి వారాంతం అమెరికాలో కోటీ ఇరవై లక్షలు, మూడో స్థానం. రెండో వారం ఆడుతున్న 'షజామ్' దీనికన్నా ముందుంది. ప్రపంచమంతా కలిపి ఐదున్నర కోట్ల దగ్గర ఆగింది. అందులో థియేటర్ల వాటా పోగా మిగిలింది మాత్రం పెద్దలకు మాత్రమే చెప్పాల్సిన సంగతి. చమత్కారమేమిటంటే నిర్మాతలు అప్పటికే తర్వాతి భాగాలకు గుమ్మాలు కట్టేశారు. చివర్లో చేపమనిషి తొట్టి చూపించారు, పేర్లు పడటం మొదలయ్యాక కూడా బాబా యాగా చేత మళ్లీ పగ పట్టించారు. ఇల్లు కూలినా గుమ్మాలు నిలబడ్డాయి.

2024లో బుద్ధొచ్చింది. 'ద క్రూకెడ్ మ్యాన్' అని జాక్ కెసీతో చిన్న సినిమా తీశారు. 1959, అపలాచియా కొండలు, ఒక్క పల్లె, ఒక్క పిశాచం. రచనలో మిన్యోలా కూడా చెయ్యి వేశాడు. ప్రళయం లేదు, ఆర్థర్ లేడు. ఇన్నాళ్లకు దారిలో పడ్డారనుకునేలోగా, అమెరికాలో అది థియేటర్ గడప తొక్కకుండానే నేరుగా డిజిటల్‌లోకి వెళ్లిపోయింది. పెద్ద సినిమా చేసిన పాపం చిన్న సినిమా మోసింది.

ఇరవై ఏళ్లలో నాలుగు సినిమాలు, ముగ్గురు దర్శకులు, ముగ్గురు హెల్‌బాయ్‌లు. ఐదోది రాదన్న భరోసా ఏమీ లేదు, హాలీవుడ్‌లో చావు కూడా ఇంటర్వెల్లే. కాబట్టి తీయబోయేవాళ్లకు ముందుగానే ఓ మనవి. షూటింగ్ మొదటిరోజు కొమ్ములు అరగదీసే మిషను తెప్పిస్తారు కదా, దాన్ని హీరో మేకప్ గదికి పంపకండి. ఆయన పని ఆయన చేసుకుంటాడు. ముందు కథ చర్చించే గదిలోకి పంపండి.