చదువుకున్నోళ్ల సీసా

మెట్‌పల్లి పక్క ఊళ్లో ఉండే మా మామ ముప్పై ఏళ్లుగా 'వైన్స్'కు పోతున్నాడు. అక్కడ వైన్ కొన్నవాణ్ని ఒక్కణ్ని కూడా చూడలేదట. అడిగేది విస్కీ, బోర్డు మీద వైన్స్. లోపలి సరుకుకు సర్కారు పెట్టిన పేరు ఇంకా ముద్దొస్తుంది: 'ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్'. ఇక్కడే పుట్టిన విదేశీ అన్నమాట.

మొన్న ఆదివారం మామకు కళ్లద్దాలు పెట్టించి క్వార్టర్ సీసా చదివించాను.

"42.8 శాతం... 25 యూపీ. గీ యూపీ ఏంది అల్లుడా? ఉత్తరప్రదేశ్ సరుకా?"

అండర్ ప్రూఫ్ మామా. వెనకట ఇంగ్లండులో తుపాకిమందును సారాతో తడిపి నిప్పు పెట్టేవాళ్లట. అంటుకుంటే సరుకు ఘాటుకు రుజువు దొరికినట్టే. ఆ లెక్కన నూరు ప్రూఫ్ అంటే సుమారు 57 శాతం ఆల్కహాలు. అందులో నాలుగోవంతు తీసేస్తే మన 42.8. బ్రిటన్ వాళ్లు 1980లోనే ఆ కొలత పక్కన పెట్టి శాతాల్లోకి వచ్చేశారు. మనం మాత్రం వాళ్ల తుపాకిమందును ఇంకా మోస్తున్నాం.

"సరే, లోపలున్నది విస్కీయేనా?"

ఇక్కడే చిక్కు. ఐరోపా చట్టం ప్రకారం ధాన్యం నుంచి తీసి, మూడేళ్లు చెక్కపీపాలో పెడితేనే విస్కీ. మన చవక సీసాల్లో చాలావాటికి మూలం చెరుకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. అక్కడ దానికి ఆ పేరు పెట్టనివ్వరు. మన 2018 ఆహార భద్రత నిబంధనలది మాత్రం పెద్ద మనసు: స్పిరిట్‌కు వ్యవసాయ మూలం ఉంటే చాలు. చెరుకూ వ్యవసాయమే కదా!

మామ పాత చెరుకు రైతు. ముఖం వెలిగింది, అంతలోనే ఆరింది. "ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీని 2015ల మూసిండ్రు. నా చెరుకు పోయింది గని, షాపు ఒక్కనాడు మూతవడలే."

పేర్ల పంచాయితీలు సుప్రీంకోర్టు దాకా కూడా పోయాయి. మన 'పీటర్ స్కాట్' విస్కీ మీద స్కాచ్ వాళ్లు కేసేస్తే, 2008లో కోర్టు, మీరు చాలా ఆలస్యంగా లేచారంది. పైగా స్కాచ్ కొనేవాళ్లు చదువుకున్నోళ్లు, కలిగినోళ్లు, తేడా తెలుసుకోగలరంది. 2025 ఆగస్టులో 'బ్లెండర్స్ ప్రైడ్', 'లండన్ ప్రైడ్' తగాదాలోనూ పేర్లు చూసి జనం మోసపోరనే తేల్చింది. తాగేవాడికి ఇంత వివేకం ఉందని ఊళ్లో ఎవ్వరూ ఎన్నడూ అనలేదు. మామకు ఆ తీర్పు ఫ్రేము కట్టించి ఇద్దామనుకుంటున్నా.

లేబులే లేని సరుకు కావాలంటే ఆదిలాబాద్ పోవాలి. ఉట్నూరు వైపు గోండు గూడేల్లో ఎండాకాలం తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరుతారు. ఏ చెట్టు పువ్వో, ఎవరి కుండో గూడెమంతటికీ తెలుసు. యూపీ లేదు, ప్రైడూ లేదు. అందుకే కాబోలు, ఇప్పసారా కాస్తే కేసు. మధ్యప్రదేశ్ మాత్రం అదే ఇప్పసారాకు 'వారసత్వ మద్యం' అని పేరు పెట్టి, లేబులు అతికించి సీసాలో పోసింది. పువ్వు ఒక్కటే. ఒక రాష్ట్రంలో నేరం, ఇంకో రాష్ట్రంలో వారసత్వం. మధ్యలో ఉన్నది జిగురు కాగితం.

మామ అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "గింత సదువు నాకెందుకురా? సీసా మీద నేను నమ్మేది ఒక్కటే, ఎమ్మార్పీ."

కోర్టు చెప్పిన వివేకం నిజంగానే ఉంది. కాకపోతే ఊళ్లో బెల్టుషాపు ఆయన ఎమ్మార్పీ మీద ఇంకో ఇరవై అడుగుతాడు. మామ చదవగలిగిన ఆ ఒక్క ముక్కనూ అతడు చదవనియ్యడు.